ఎవరు మార్చారు? డీబగ్గర్‌లోని నలుగురు కాపలావాళ్ల సంగతి



కొత్త ఊరు, కొత్త బడి, కొత్త తరగతి మీకు అలవాటైన విషయాలే. రెండు మూడేళ్లకోసారి అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. మీరు టీసీ పట్టుకుని మరో ఊళ్లో, మరో ప్రార్థన వరుసలో నిలబడతారు. అప్పుడు ఒక సంగతి గమనించే ఉంటారు. తరగతిలో ఎవరి జామెట్రీ బాక్సయినా కనిపించకపోతే అందరి చూపులూ ముందుగా కొత్తగా చేరిన వాళ్ల మీదికే వెళతాయి. 'ఇన్నాళ్లూ ఏదీ పోలేదు, వీళ్లు వచ్చాకే పోయింది' అన్నదే అక్కడ వాదం. అది తప్పని చూపించడానికి ఆ కొత్త పిల్లల దగ్గర ఏ సాక్ష్యమూ ఉండదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. నిన్నటిదాకా బాగా నడిచిన ప్రోగ్రాము ఇవాళ తప్పు జవాబిస్తే ముందుగా అనుమానించేది నిన్న కొత్తగా చేర్చిన వరుసనే. ఒక్కోసారి ఆ అనుమానం నిజమవుతుంది. చాలాసార్లు కాదు. అనుమానం పక్కన పెట్టి అసలు దోషిని చేతులారా పట్టించే పనిముట్టు ఒకటి ఉంది. దాని పేరు వాచ్‌పాయింట్. మేము ఈసారి మీకు చెప్పబోయేది దాని గురించే.

తెలుగు చెప్పేవాళ్లం ఇది ఎందుకు చెబుతున్నామని అడగవచ్చు. మీలో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడతారు. మన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే యానాం అనే తెలుగు ఊరు కూడా ఉంది. ఇంట్లో మాట్లాడే భాషలో కంప్యూటర్ లోపలి సంగతి అర్థం చేసుకోకూడదని ఎక్కడా రాసిలేదు కదా! అందుకే మేము బ్రేక్‌పాయింట్‌ను 'ఆగుచోటు' అనీ, వాచ్‌పాయింట్‌ను 'కాపలాచోటు' అనీ కూడా పిలుస్తాం.

తప్పు కనిపించే చోటు, తప్పు జరిగే చోటు

మన ఇందిరా నగర్‌లో ఒక వీధిని ఊహించుకోండి. వరుసగా ఇళ్లు, ప్రతి ఇంటికీ ఒక డోర్ నంబరు. కంప్యూటర్ జ్ఞాపకం, అంటే మెమరీ, ఇలాంటి వీధే. డోర్ నంబరును చిరునామా అంటారు. ఇంట్లో ఉండేది ఒక విలువ, అంటే ఒక సంఖ్య. ప్రోగ్రాము నడవడమంటే ఒక ఇంట్లోని సంఖ్యను చూడడం, ఇంకో ఇంట్లోని సంఖ్యను మార్చడం, మళ్లీ ముందుకు సాగడం.

ఇప్పుడు ఒక చిన్న ప్రోగ్రాము చూద్దాం. ఒక విద్యార్థి వివరాలు దాచడానికి వరుసగా 6 ఇళ్లు తీసుకున్నాం. మొదటి 5 ఇళ్లలో ఇంగ్లీషు, హిందీ, గణితం, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం మార్కులు. ఆరో ఇంట్లో హాజరు, 192 రోజులు. కొత్త పరీక్ష మొదలయ్యే ముందు పాత మార్కులన్నీ సున్నా చేయాలి. సీ భాషలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మార్కుల ఇళ్ల నంబర్లు 0, 1, 2, 3, 4. ప్రోగ్రాము రాసినవారు '4 దాకా' అని రాయవలసిన చోట '5 దాకా' అని రాశారు. దాంతో ఆరోసారి కూడా సున్నా రాయడం జరిగింది. అది పడింది పక్కింట్లో, అంటే హాజరులో.

చివర ప్రగతి పత్రం అచ్చయినప్పుడు హాజరు 0 రోజులని వచ్చింది. 75 శాతం హాజరు లేనివాళ్లను పరీక్షకు కూర్చోనివ్వరని మీకు తెలుసు. ఏడాదంతా బడికి వచ్చిన పిల్లకు ఇదెంత అన్యాయమో ఆలోచించండి.

తప్పు ఎక్కడ వెతకాలి? తప్పు కనిపించింది ప్రగతి పత్రం అచ్చువేసే వరుసలో. ఆ వరుస కొత్తగా చేర్చినది కూడా. కానీ దానికి ఏ పాపమూ తెలియదు. ఇంట్లో ఉన్న సంఖ్యను ఉన్నట్టుగా చదివి చెప్పిందంతే. పోనీ, 'హాజరు' అనే పేరున్న వరుసలన్నీ వెతుకుదామంటే వాటిలోనూ తప్పు లేదు. తప్పు చేసిన వరుసలో 'హాజరు' అనే మాటే లేదు! అక్కడ ఉన్నది 'మార్కులు' అనే మాట. పేరు పట్టుకుని వెతికితే ఎన్నాళ్లయినా దొరకని దొంగ ఇది.

ఆగుచోటు

నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, లోపల ఏ ఇంట్లో ఏముందో చూపించే ప్రోగ్రామును డీబగ్గర్ అంటారు. ప్రపంచమంతా వాడే జీడీబీ అనే డీబగ్గర్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశారు. అది ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది.

డీబగ్గర్‌కు వచ్చిన మొదటి విద్య ఆగుచోటు. 'ఈ వరుస దగ్గరికి రాగానే ఆగు' అని చెప్పడం. ఆ పేరు వెనక కథ ఉంది. 1946లో ప్రజల ముందుకు వచ్చిన ఎనియాక్ అనే అమెరికా కంప్యూటర్‌లో ప్రోగ్రామంటే తీగలు కలపడమే. దాని మీద పనిచేసిన బెట్టీ హోల్బర్టన్ లెక్కను ఒకచోట ఆపి చూడాలనుకుంటే ఆ చోట తీగను ఊడదీసేవారు. దారి అక్కడ తెగుతుంది కాబట్టి దానికి బ్రేక్‌పాయింట్ అన్న పేరు నిలిచింది.

ఇప్పుడు తీగలు లేవు. డీబగ్గర్ ఇంకో ఉపాయం చేస్తుంది. మామూలు కంప్యూటర్లలో వాడే ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో 204 అనే సంఖ్యకు 'ఆగి డీబగ్గర్‌ను పిలువు' అని అర్థం. మనం ఆపమన్న చోట ఉన్న ఆదేశంలోని మొదటి బైటును డీబగ్గర్ తీసి దాచుకుని, ఆ స్థానంలో 204 పెడుతుంది. ప్రోగ్రాము అక్కడికి రాగానే ఆగుతుంది. మనం చూసుకున్నాక డీబగ్గర్ అసలు బైటును తిరిగి దాని చోట పెట్టి ముందుకు పంపుతుంది. ఇలాంటివి ఎన్నయినా పెట్టుకోవచ్చు.

కానీ రాయడానికి వీలులేని మెమరీలో ప్రోగ్రాము ఉంటే? చిన్న బోర్డుల్లో ప్రోగ్రాము ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. అక్కడ నడిమధ్యలో ఒక బైటు మార్చడం తేలిక కాదు. అలాంటి చోట్ల ప్రాసెసరే సాయం చేస్తుంది. ఆపవలసిన చిరునామాను ప్రాసెసర్ లోపలి ఒక ప్రత్యేక గడిలో రాసిపెడితే, ఆ చిరునామాలోని ఆదేశం దగ్గరికి రాగానే అదే ఆగుతుంది. దీన్ని హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ అంటారు. జీడీబీలో దీని ఆదేశం 'హెచ్‌బ్రేక్'.

ఆగుచోటుకు ఒక పరిమితి ఉంది. ఏ వరుసను అనుమానించాలో మనకు ముందే తెలియాలి. మన ప్రగతి పత్రం కథలో తెలియనిదే అది.

కాపలాచోటు

ఇక్కడ ప్రశ్నను తిరగేయాలి. 'ఏ వరుస దగ్గర ఆగాలి' అని కాకుండా 'ఏ ఇంటిని కాయాలి' అని అడగాలి. హాజరు ఇంటి ముందు ఒక కాపలావాణ్ణి నిలబెట్టి, 'ఈ ఇంట్లో సంఖ్య ఎవరు మార్చినా సరే, అక్కడికక్కడే ఆపు' అని చెప్పడమే వాచ్‌పాయింట్. ఎవరి మీదా ముందస్తు అనుమానం ఉండదు. కొత్త వరుస, పాత వరుస అన్న తేడా కాపలావాడికి తెలియదు. చేయి పెట్టినవాడే పట్టుబడతాడు.

దీన్ని రెండు రకాలుగా చేయవచ్చు. మొదటిది ప్రాసెసర్ సాయం లేకుండా చేసేది. ప్రోగ్రామును ఒక్కొక్క అడుగే వేయించి, ప్రతి అడుగు తరువాతా ఆ ఇంటికి వెళ్లి సంఖ్య మారిందా అని చూసి రావాలి. బడి నుంచి ఇంటికి నడిచే పిల్లవాడు ఒక్కో అడుగుకూ వెనక్కి పరుగెత్తి బడి తలుపు మూసి ఉందో లేదో చూసి వస్తే ఇల్లు ఎప్పటికి చేరతాడు? ఈ పద్ధతిలో ప్రోగ్రాము మామూలు కంటే వందల రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. ఒక నిమిషంలో అయ్యే పనికి గంటలు పడుతుంది.

రెండోది హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్. 1985లో వచ్చిన ఇంటెల్ 80386 ప్రాసెసర్‌లో ఇందుకోసం డీబగ్ రిజిస్టర్లు పెట్టారు. రిజిస్టర్ అనగానే మీకు హాజరు పట్టీ గుర్తొస్తుంది. ఇక్కడ రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న గడి. సున్నా నుంచి మూడు దాకా నంబర్లున్న 4 గడుల్లో కాపలా కాయవలసిన 4 చిరునామాలు రాస్తారు. ఏడో నంబరు గడిలో సూచనలు ఉంటాయి. ఈ కాపలా ఆదేశం కోసమా, సంఖ్య రాయడం కోసమా, ఎన్ని బైట్లు కాయాలి అన్నవి అందులో ఉంటాయి. ఎవరైనా పట్టుబడితే 'నాలుగింటిలో ఏ కాపలావాడు పట్టుకున్నాడు' అన్న సంగతి ఆరో నంబరు గడిలో నమోదవుతుంది.

ప్రోగ్రాము మెమరీలో ఏ ఇంటి తలుపు తట్టినా, ఆ చిరునామాను ఈ నాలుగింటితో పోల్చే పని ప్రాసెసర్‌లోని విద్యుత్ వలయం అప్పటికప్పుడే చేసేస్తుంది. వెనక్కి పరుగులు ఉండవు. అందుకే ప్రోగ్రాము దాదాపు మామూలు వేగంతోనే నడుస్తుంది. హాజరు ఇంట్లో సున్నా పడిన క్షణాన ఆగిపోయి, డీబగ్గర్ తెర మీద ఇలా చూపిస్తుంది: పాత విలువ 192, కొత్త విలువ 0. కింద వరుస నంబరు. అక్కడ చూస్తే 'మార్కులు' సున్నా చేసే వరుసలు. దొంగ దొరికాడు!

ఒక చిన్న వివరం గుర్తుపెట్టుకోండి. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఆగుచోటు ఆదేశం అమలు కాకముందే ఆపుతుంది. కాపలాచోటు మాత్రం సంఖ్య రాయడం అయిపోయిన తరువాత ఆపుతుంది. కాబట్టి డీబగ్గర్ చూపే చోటు ఒక్కోసారి అసలు వరుస కంటే ఒక అడుగు ముందుంటుంది. అప్పుడు ఒక అడుగు వెనక్కి చూడాలి. లేకపోతే ఇక్కడ కూడా పక్కవాడి మీద నింద పడుతుంది.

నలుగురే కాపలావాళ్లు

నలుగురు చాలకపోతే? ఎక్కువమంది దొరకరు. ఒక్కో కాపలావాడికీ చిప్‌లో కొంత చోటు, కొంత వలయం కావాలి. పైగా ఒక్కొక్కరు కాయగలిగింది 1, 2, 4 బైట్లు, 64 బిట్ల ప్రాసెసర్లలోనైతే 8 బైట్లు. నలుగురినీ కలిపినా 32 బైట్లే. వెయ్యి మంది మార్కుల పట్టిక మొత్తాన్ని వీళ్లతో కాయించలేం. అందుకే ఏ ఇల్లు ముఖ్యమో ఆలోచించి ఎంచుకోవడం మన పని.

వేరే ప్రాసెసర్లలో లెక్క వేరు. బడి ల్యాబుల్లో కనిపించే మైక్రోబిట్ మొదటి తరం బోర్డులో కార్టెక్స్-ఎం0 అనే ప్రాసెసర్ ఉంటుంది. ఆ రకంలో ఆగుచోట్లు గరిష్ఠంగా 4, కాపలాచోట్లు 2. మనకు 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నైలో, ఐఐటీ మద్రాసులో 'శక్తి' అనే పేరుతో మన దేశపు ప్రాసెసర్లను రూపొందిస్తున్నారు. అవి రిస్క్-వి అనే బహిరంగ నమూనా మీద ఆధారపడినవి. ఆ నమూనాలో ఇలాంటి కాపలావాళ్లను 'ట్రిగ్గర్లు' అంటారు. ఎంతమందిని పెట్టాలో చిప్ రూపొందించేవారే నిర్ణయించుకోవచ్చు. మీలో ఎవరో ఒకరు రేపు ఆ నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర కూర్చోవచ్చు.

ఉన్న నలుగురి కోసం పోటీ కూడా ఉంటుంది. ఒక కంప్యూటర్‌లో డీబగ్గర్ ఒక్కటే కాదు, లినక్స్ కెర్నెల్, వేగాన్ని కొలిచే పనిముట్లు కూడా వాళ్లను అడుగుతాయి. ఒకే ల్యాబును రెండు తరగతులకు ఒకే పీరియడ్‌లో ఇచ్చినట్టు గొడవ. దీన్ని సరిచేయడానికి అలన్ స్టెర్న్ మొదలుపెట్టిన పనిని ఐబీఎం తరఫున కె. ప్రసాద్, ఆ తరువాత ఫ్రెడెరిక్ వైస్‌బెకర్ ముందుకు తీసుకెళ్లారు. ఎవరికి ఏ కాపలావాడు దక్కాలో పంచిపెట్టే ఆ ఏర్పాటు 2010 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ 2.6.33 కెర్నెల్‌లో చేరింది.

క్వార్టర్స్ ఖాళీ చేస్తే

బదిలీ కుటుంబాల పిల్లలకు వెంటనే అర్థమయ్యే సంగతి ఇంకొకటి ఉంది. మనం క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్లాక అదే డోర్ నంబరులోకి వేరే కుటుంబం వస్తుంది. మన పేరు మీద వచ్చే ఉత్తరం వాళ్లకు అందుతుంది. ప్రోగ్రాములోనూ అంతే. ఒక ఫంక్షన్ పని చేస్తున్నంతసేపే దాని సొంత చరరాశులు ఆ ఇళ్లలో ఉంటాయి. ఫంక్షన్ పని ముగించి వెళ్లిపోతే అవే ఇళ్లు ఇంకో ఫంక్షన్‌కు కేటాయిస్తారు.

కాపలావాడికి తెలిసింది డోర్ నంబరే, ఇంట్లోవాళ్ల పేరు తెలియదు. అందుకని పాతవాళ్లు వెళ్లిపోయినా అక్కడే నిలబడి కొత్తవాళ్లను పట్టుకుంటాడు. అది అన్యాయం కదా! జీడీబీ ఈ సంగతి గమనిస్తుంది. ఆ ఫంక్షన్ ముగియగానే కాపలా తీసేసి, తీసేశానని మనకు చెబుతుంది. ఎవరిని కాస్తున్నామో, వాళ్లు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారో లేదో చూసుకోవడం కూడా కాపలాలో భాగమే.

అనుమానం ఖరీదు

ఇదంతా కంప్యూటర్ ల్యాబులో ఆట అనుకోకండి. మన ఊళ్లోని జిప్‌మెర్‌లో క్యాన్సర్‌కు కిరణ చికిత్స చేస్తారు. 1980ల్లో అమెరికా, కెనడాల్లో ఇలాంటి చికిత్సకు థెరాక్-25 అనే యంత్రాన్ని వాడారు. 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా ఆ యంత్రం 6 సార్లు రోగులకు ఇవ్వవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కిరణాలు పంపింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు.

తొలి ప్రమాదాల్లో ఒకదాని తరువాత అనుమానం ఒక చిన్న స్విచ్ మీద పడింది. దాన్ని సరిచేశారు. ప్రమాదాలు ఆగలేదు. ఎందుకంటే స్విచ్ తప్పు చేస్తుండగా ఎవరూ చూడలేదు. అది అనుమానమే తప్ప సాక్ష్యం కాదు. టెక్సస్‌లోని టైలర్ ఊరి ఆసుపత్రిలో రెండో ప్రమాదం జరిగాక, అక్కడి భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, యంత్రం నడిపే ఉద్యోగిని కలిసి అదే పనిని మళ్లీ మళ్లీ చేసి చూశారు. వివరాలను వేగంగా సరిదిద్దినప్పుడే తప్పు వస్తోందని పట్టుకున్నారు.

1987 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో జరిగిన ప్రమాదానికి కారణం ఒకే ఒక్క బైటు. ఆ ఇంట్లో సున్నా కాని సంఖ్య ఏది ఉన్నా 'యంత్రం భాగాలు సరైన చోట ఉన్నాయో లేదో చూడు' అని అర్థం. సున్నా ఉంటే 'చూడక్కర్లేదు' అని. అక్కడ ఒక స్థిరమైన సంఖ్య రాయవలసింది పోయి, ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు. ఒక బైటులో పట్టే పెద్ద సంఖ్య 255. దానికి ఒకటి కలిపితే మళ్లీ సున్నాయే. ప్రతి 256వ సారి ఆ తనిఖీ తప్పిపోయేది. సరిగ్గా ఆ క్షణాన బటన్ నొక్కితే ప్రమాదం.

జీడీబీలో కాపలాకు షరతు కూడా పెట్టవచ్చు. 'ఈ ఇంట్లో సున్నా వస్తేనే ఆపు' అనవచ్చు. అలాంటి కాపలా ఉంటే 256వ సారికి ప్రోగ్రాము ఆగి ఆ వరుసను చూపుతుంది. అయితే ఆ ఇంటిని కాయాలని ఎవరికైనా తోచాలి. పనిముట్టు ఆ ఆలోచన మనకు ఇవ్వదు.

మీరే చేసి చూడండి

పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ల్యాబులో మీ ఉపాధ్యాయుల అనుమతితో ఇది చేయవచ్చు. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో సీ భాషలో ఒక స్ట్రక్చర్ రాయండి. అందులో 5 గడుల మార్కులు, వెంటనే హాజరు. దాన్ని ఫంక్షన్లన్నింటికీ బయట ప్రకటించండి, కాపలా మధ్యలో తొలగిపోకుండా. హాజరులో 192 పెట్టి, మార్కులను 0 నుంచి 5 దాకా సున్నా చేయండి, చివర హాజరును అచ్చువేయండి. కంపైల్ చేసేటప్పుడు హైఫన్, ఆ వెంటనే 'జీ' అక్షరం కలపండి, వరుస నంబర్లు డీబగ్గర్‌కు తెలియడానికి. జీడీబీలో 'స్టార్ట్' అనండి, తరువాత 'వాచ్' అని స్ట్రక్చర్ పేరు, చుక్క, హాజరు పేరు ఇవ్వండి. 'కంటిన్యూ' అనండి.

మొదట 0 నుంచి 192కి మారినప్పుడు ఒకసారి ఆగుతుంది. అది మీరు కావాలని చేసిన మార్పు. మళ్లీ 'కంటిన్యూ' అంటే 192 నుంచి 0కి మారినప్పుడు ఆగుతుంది. అక్కడ చూపించే వరుసల్లో 'హాజరు' అనే పేరు ఉందేమో వెతకండి. తరువాత '5 దాకా'ను '4 దాకా'గా మార్చి మళ్లీ నడపండి. ఈసారి కాపలావాడు ఒక్కసారే ఆపుతాడు, చివర అచ్చయ్యే హాజరు 192.